నాణెం మీద రెండో దెబ్బ

హైదరాబాద్–విజయవాడ రహదారి మీద నార్కట్‌పల్లి దాటాక వచ్చే కట్టంగూర్ చుట్టుపక్కల నేలకు పాత నాణేలు కొత్త కాదు. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో 1,531 రోమన్ వెండి నాణేలు ఒక్కచోట బయటపడ్డాయి. 2024 మార్చిలో సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ క్షేత్రంలో పురావస్తు శాఖ తవ్వుతుంటే ఒక మట్టికుండ తగిలింది. అందులో 3,730 సీసపు నాణేలు ఉన్నాయి. ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలం నాటివని తేల్చారు. వాటి అసలుతనం మీద ఎవరికీ అనుమానం రాలేదు. కుండ, దాని మూత, చుట్టూ ఉన్న మట్టి, తవ్విన లోతు అన్నీ సాక్ష్యం చెప్పాయి.

సంతలోనో, తాతల నాటి పెట్టెలోనో కనిపించే నాణేనికి అంత బలగం ఉండదు. తన కథ తానే చెప్పుకోవాలి. ఆ కథ వినడానికి మొదట అడగాల్సింది ‘ఇది అసలా, నకిలీయా?’ అని కాదు. దీని మీద దెబ్బ ఎవరు కొట్టారు, ఎప్పుడు కొట్టారు, ఎందుకు కొట్టారు అని.

మొదటి రకం, ఒక రాజు నాణెం మీద ఇంకో రాజు కొట్టిన రెండో దెబ్బ, అంటే మారుముద్ర. అది చరిత్రే అవుతుంది. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో పదమూడు వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. అన్నీ క్షహరాట రాజు నహపానుడివే. అయితే వాటిలో మూడింట రెండు వంతుల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన చైత్యం గుర్తు, ఉజ్జయిని గుర్తు మళ్లీ కొట్టించాడు. ఓడిన రాజు డబ్బును కరిగించకుండానే తన డబ్బుగా మార్చుకున్నాడు. అలాంటి నాణేన్ని పక్కనుంచి వచ్చే వెలుతురులో మెల్లగా తిప్పి చూడాలి. కొత్త గుర్తు బలంగా పడినచోట పాత బొమ్మ అణిగిపోతుంది. దెబ్బ సరిగా తగలని అంచుల్లో, పల్లాల్లో నహపానుడి ముక్కో, ఒక గ్రీకు అక్షరమో మిగులుతుంది. పాత గీత కొత్త గీత కిందికి వెళ్లి తెగిపోవాలి. రెండూ ఒకే మందాన, ఒకే మసకగా ఉంటే అది అలాంటి నాణెం నుంచి తీసిన పోత. ఒకే బొమ్మ కాస్త జరిగి రెండుసార్లు పడితే మాత్రం అది మారుముద్ర కాదు, పనివాడి చెయ్యి జారడం.

టంకశాల తానే తర్వాత కొట్టినవి రెండో రకం. విక్టోరియా బొమ్మ ఉన్న 1862 రూపాయి మన పల్లెల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. దాని మీద 1862 అని ఉన్నంత మాత్రాన ఆ ఏడాదే కొట్టిందని చెప్పలేం. 1873 దాకా అదే తేదీతో కొట్టారు. తేదీ దగ్గరి చిన్న చుక్కలను భూతద్దంలో లెక్కపెట్టి పరిశీలకులు సంవత్సరాలను విడదీస్తారు. అవన్నీ చెల్లుబాటైన అసలు రూపాయలే. సేకర్తల కోసం కలకత్తా, బొంబాయి టంకశాలలు దాచి ఉంచిన పాత అచ్చులతో కొట్టి ఇచ్చిన మెరుపు నాణేల సంగతి వేరు. ఎన్నో ఏళ్లు మూలన పడ్డ ఉక్కు అచ్చుకు తుప్పు పట్టి గుంటలు పడతాయి. ఆ గుంటలు నాణెం మీద చిన్న చిన్న పొక్కులుగా పైకి లేస్తాయి. మట్టి తినేసిన నాణెం మీద గుంటలే ఉంటాయి, పొక్కులు ఉండవు. అచ్చును మళ్లీ సానబెడితే జుట్టు పాయల వంటి సన్నని గీతలు అరిగిపోతాయి. ఇలాంటి నాణేన్ని పునర్ముద్ర అని చెప్పి అమ్మితే తప్పు లేదు. చెప్పకుండా అమ్మితేనే మోసం.

మూడోది పోత నకిలీ. దీన్ని పట్టుకోవడానికి ముందు అంచు చూడాలి. రెండు సగాలు కలిసిన గీతో, దాన్ని చెరిపిన ఆకురాయి గుర్తులో కనిపిస్తాయి. అక్షరాల అంచులు మొద్దుబారి, లోహం మీద సూదిమొన అంత గాలిబుడగల గుంటలు ఉంటాయి. చేత్తో కొట్టిన పాత నిజాం రూపాయల్లో ఇంకో ఆధారం ఉంది. బిళ్ల కంటే అచ్చు పెద్దది కాబట్టి ఫార్సీ అక్షరాలు ఒక్కో నాణెం మీద ఒక్కో చోట తెగుతాయి. రెండు నాణేలు ఒకే చోట తెగి, ఒకే గాటుతో కనిపిస్తే ఆ రెండూ ఒక్క మూసలోంచి వచ్చాయని అనుమానించాలి.

ఆ తర్వాత త్రాసు. విక్టోరియా రూపాయి 11.66 గ్రాములు, అందులో పదకొండు పాళ్లు వెండి, ఒక పాలు ఇతర లోహం. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం హాలీ సిక్కా రూపాయి సుమారు 11.18 గ్రాములు, వెండి పాలు ఇంకా తక్కువ. బరువు కుదిరినా నీటి పరీక్ష చేయాలి. చిన్న త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, దారానికి కట్టిన రూపాయిని అడుగుకు తగలకుండా ముంచాలి. విక్టోరియా రూపాయి అయితే త్రాసు 1.13 గ్రాముల దరిదాపుల్లో చూపాలి. ఇత్తడికి వెండి పూత పూసిందైతే 1.35 దాటుతుంది. ఈ పరీక్షలో గీటురాయి అవసరం లేదు, నాణేనికి గీత పడదు.

రాముడు, సీత, హనుమంతుడితో ‘ఈస్టిండియా కంపెనీ 1818’ అని ఉండే అర్ధణా బిళ్ల గురించి తప్పక చెప్పాలి. 1616, 1717 అని వేసినవీ ఉన్నాయి. కంపెనీ దేశమంతటికీ ఒకే తీరు నాణేలు తెచ్చింది 1835లో. అంతకు ముందు, 1803, 1808లలో మద్రాసు కోసం ఇంగ్లండులో కొట్టించిన రాగి నాణేల విలువ కాసుల్లో ఉంది, అణాల్లో కాదు. ఈ రాముడి బిళ్లలు కంపెనీ నాణేలు కావు, ఎప్పుడూ చెలామణిలో లేవు. పూజగదిలో పెట్టుకుంటే అది భక్తి. బియ్యపు గింజల్ని లాగుతుందని, కోట్లు పలుకుతుందని చెప్పి పొలం అమ్మించేవాడు దొంగ. ‘రైస్ పుల్లర్’ పేరుతో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కుటుంబాలు గుల్లయ్యాయి. ఒక్క తేదీ చదవడం తెలిసినా ఆ నష్టం తప్పేది.

నాణెం దొరికితే చింతపండుతో తోమకండి. పైన పట్టిన పొర దాని వయసుకు ఆధారం. సీసపు నాణెం మెత్తన, గట్టిగా రుద్దితే ఏనుగు బొమ్మ మీ వేలి కిందే అరిగిపోతుంది. భూమిలో దాచిన సొత్తు పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధి చట్టం చెబుతుంది. చట్టం కోసమే కాదు, చరిత్ర కోసం కూడా ఆ పని చేయాలి. ఊరు, సర్వే నంబరు, ఎంత లోతు, పక్కన కుండ పెంకులున్నాయా, ఎన్ని దొరికాయి అన్నవి ఒక కాగితం మీద రాసి, ఫొటో తీసి, విడదీయకుండా అప్పగించాలి. ఒక్కొక్కటిగా అమ్ముడుపోయిన నాణేలకు ధర దక్కుతుంది గానీ ఊరు పోతుంది. ఏ రాజు డబ్బు ఈ మెట్టచేల దాకా వచ్చిందో, ఎవరు దాన్ని మళ్లీ తమ ముద్రతో కొట్టారో తెలిపే ఆధారం మన జిల్లాకే మిగలాలి.