ఏ సిమెంట్, డాక్టర్ గారూ?

ఎముకల సిమెంట్ కలపడం పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రిలో పీజీ చేసే రోజుల్లో మా సీనియర్లు చెప్పింది ఒక్కటే: గ్లోవ్‌కి అంటుకున్నంతసేపూ ఆగు, అంటడం మానగానే కదులు. పొడిలో ద్రవం పోయగానే ముక్కుపుటాలదిరే ఘాటు. కాసేపటికి ముద్ద కడుతుంది. ఎముకలోకి పోగా మిగిలిన ముద్దని అరచేతిలో పట్టుకుని చూస్తాం. అది వేడెక్కి రాయిలా అయిందంటే లోపలిదీ గట్టిపడినట్టే.

ఇది పీఎంఎంఏ (పాలీమిథైల్ మెథాక్రిలేట్) సిమెంట్. 1950ల చివర్లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ తుంటి కీలు మార్పిడికి వాడి అందరికీ అలవాటు చేశాడు. కృత్రిమ కీలుని పట్టి ఉంచడంలో దీనికి సాటి లేదు గానీ, ఎన్నేళ్లున్నా ఇది ఎముక కాదు. ప్రమాదంలో ముక్క పోయిన చోట, గడ్డ గీకేసిన గుంటలో మళ్లీ ఎముకే పెరగాలి.

1980ల్లో అమెరికాలో బ్రౌన్, చౌ తయారుచేసిన కాల్షియం ఫాస్ఫేట్ సిమెంట్ అందుకు పనికొస్తుంది. సిరంజితో ఎక్కిస్తే ఒంటి వేడికే గట్టిపడి, ఎముకలో ఉండే ఖనిజంలా మారుతుంది. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ కూడా ఇలాంటిదే తయారుచేసింది. ఈ సిమెంట్ పెద్దగా వేడెక్కదు కాబట్టి కలిపిన ప్రోటీన్ చెడదు. ఎముకని పెంచే ప్రోటీన్లని, అంటే గ్రోత్ ఫ్యాక్టర్లని, ఇందులో కలపొచ్చన్న ఆశ అక్కడే పుట్టింది. ఖనిజం తీసేసిన ఎముకని కండలో పెడితే అక్కడ కొత్త ఎముక మొలుస్తుందని 1965లోనే మార్షల్ యూరిస్ట్ చూపించాడు. దాని వెనకున్న ప్రోటీన్లే బీఎంపీలు (బోన్ మార్ఫోజెనెటిక్ ప్రోటీన్లు).

చిక్కంతా మోతాదులో ఉంది. సిమెంట్‌లో కలిపిన ప్రోటీన్ ఒక్కసారిగా బయటికొస్తే పని పూర్తికాకముందే అయిపోతుంది, లేదా అక్కర్లేని చోట ఎముక మొలుస్తుంది. అది బయటికి రావడానికి వీలుగా సిమెంట్‌లో రంధ్రాలు పెంచితే బలం తగ్గుతుంది. 2002లో అమెరికా వెన్నెముక ఆపరేషన్లకి అనుమతించిన బీఎంపీ-2 సిమెంట్‌లో ఉండదు, కొల్లాజెన్ స్పాంజిలో ఉంటుంది. మెడ దగ్గర వాడితే గొంతు వాచి ఊపిరాడని కేసులొచ్చాయని 2008లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏనే హెచ్చరించింది.

నేను పీజీ చేసిన పాత ఉస్మానియా భవనంలోకి 2020 జులైలో నీళ్లొచ్చాయి, వార్డులు ఖాళీ అయ్యాయి. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. అక్కడి ఆపరేషన్ థియేటర్లలోకి కొత్త సిమెంట్లు రావాలనే నా కోరిక. అంతవరకూ నా ఓటు రోగి తుంటి దగ్గర తీసిన సొంత ఎముకకే. కణాలూ, గ్రోత్ ఫ్యాక్టర్లూ అందులోనే ఉంటాయి, కొనక్కర్లేదు. ఇంకో కోత, దాని నొప్పి మాత్రం తప్పవు.

మీ ఇంట్లో ఎవరికైనా ఎముకలో సిమెంట్ పెడతామంటే, ఏ సిమెంట్, ఎముకగా మారేదేనా, గ్రోత్ ఫ్యాక్టర్ కలిపితే ఆ చోట వాడటానికి అనుమతి ఉందా అని అడగండి. చుట్ట, సిగరెట్ మాత్రం ఎవర్నీ అడక్కుండానే మానెయ్యండి. ఎముక అతకడాన్ని అవి ఆలస్యం చేస్తాయి.