తెలుగు సిద్ధాంతగ్రంథాల పుటవిన్యాసం: అంచులు, పంక్తివిరామం – ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
తెలుగు సిద్ధాంతగ్రంథాల పుటకు నేడు వర్తింపజేస్తున్న అంచుల, పంక్తివిరామాల నియమాలు ఆంగ్ల టైపురైటర్ సంప్రదాయం నుండి వచ్చినవి. ఒత్తులు, గుడులు గల తెలుగు లిపికీ, ఛందోబద్ధమైన పద్యానికీ అవి ఎంతవరకు అనువైనవో పరిశీలించి, ప్రత్యామ్నాయాలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సిద్ధాంతగ్రంథం, పుటవిన్యాసం, అంచు, పంక్తివిరామం, ఒత్తు, ఛందస్సు.

1. ఉపోద్ఘాతం:
1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయానికి చెందిన నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ ప్రాంగణం చాలాకాలం తెలుగు పరిశోధనకు ఒక ముఖ్యకేంద్రంగా ఉండేది. సమర్పణకు ముందు నాంపల్లి, ఆబిడ్స్ పరిసరాల్లోని డి.టి.పి. కేంద్రాల చుట్టూ, బైండింగ్ దుకాణాల చుట్టూ తిరగడం అక్కడి పరిశోధకులకు అనుభవంగా ఉండేది. అక్కడ అడిగే ప్రశ్నలు రెండు: మార్జిన్ ఎంత? స్పేసింగ్ ఎంత? సాధారణంగా వచ్చే జవాబు ఒకటే. ఎడమవైపు ఒకటిన్నర అంగుళం, మిగిలిన మూడువైపులా ఒక్కొక్క అంగుళం, స్పేసింగ్ ఒకటిన్నర లేదా రెండు. ఈ కొలతలు తెలుగు పుటను దృష్టిలో ఉంచుకొని ఏర్పడినవేనా అన్న మూడో ప్రశ్న అరుదు.

2. నియమాల మూలం:
టైపురైటర్‌పై సాధారణంగా అంగుళానికి ఆరు పంక్తులు పడతాయి. డబుల్ స్పేస్ అంటే మూడు పంక్తులు, అనగా పంక్తికి 24 పాయింట్లు. పరీక్షకుడు పంక్తుల నడుమ దిద్దుబాట్లు రాయడానికి ఆ ఖాళీ ఉపయోగపడింది. ఎడమ అంచులోని అదనపు అర అంగుళం బైండింగ్ కుట్టు కోసం. ఈ నియమాలు తమ సాధనానికి, తమ లిపికి తగినవే. లిపి మారినా కొలత మారకపోవడమే ఇక్కడ ఆక్షేపణీయం.

3. లిపి నిర్మాణం – పంక్తివిరామం:
తెలుగు అక్షరం నిలువునా పెరుగుతుంది. ‘శాస్త్రీయ’ అన్న పదంలో గుడిదీర్ఘం పైకి, తకార రేఫల ఒత్తులు కిందికి విస్తరిస్తాయి. పై పంక్తిలో ‘వైశిష్ట్యం’, దాని కిందనే ‘శాస్త్రీయం’ వస్తే ఒత్తులూ గుడీ ఒకదానినొకటి తాకే ప్రమాదం ఉంది.

వర్డ్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ‘సింగిల్’ అనేది స్థిరమైన కొలత కాదు. ఫాంటులో రూపకర్త పొందుపరచిన ఎత్తుపల్లాల ఆధారంగా అది మారుతుంది. అందువల్ల ‘ఒకటిన్నర స్పేసింగ్’ అన్న ఒకే నియమం గౌతమి ఫాంటులో ఒక పుటను, మరొక ఫాంటులో వేరొక పుటను ఇస్తుంది. దీనికి విరుగుడుగా ‘ఎగ్జాక్ట్‌లీ’ ఎంచుకొని తక్కువ కొలత ఇస్తే అక్షరాల కొసలు తెగిపోతాయి. ఈ వ్యాసకర్త సిద్ధాంతగ్రంథం తొలిప్రతిలోనే పుటలు తగ్గించబోయి ఒత్తులు కోల్పోవడం జరిగింది.

ఇది కేవలం అందానికి సంబంధించిన లోపం కాదు. ‘కన్ను’లోని ఒత్తు కనబడకపోతే అది ‘కను’ అవుతుంది. గురువు కావలసిన తొలి అక్షరం లఘువుగా తేలుతుంది. ఛందస్సుపై పరిశోధనలో ఇటువంటి పొరపాటు వాదాన్నే దెబ్బతీస్తుంది.

4. పద్యం – అంచు:
ఏ4 కాగితం వెడల్పు 8.27 అంగుళాలు. ఎడమ 1.5, కుడి 1 అంగుళం పోగా 5.77 అంగుళాలు మిగులుతుంది. ఉదాహృత పద్యాన్ని ఇరువైపులా అంగుళం చొప్పున లోపలికి జరిపితే మిగిలేది 3.77 అంగుళాలే. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. సంయుక్తాక్షరాలు ఎక్కువైతే పెద్ద అక్షరాల్లో అవి ఆ వెడల్పున ఇమడకపోవచ్చు. ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు గల సీసపాదానికైతే ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఇమడని పాదాన్ని యంత్రం తనకు తోచినచోట విరుస్తుంది. ప్రాస ప్రతి పాదంలోని రెండో అక్షరం గనుక పాదాలు వరుసగా మొదలైతేనే పాఠకుడి కన్ను దానిని నిలువునా పట్టుకోగలదు. విరిగిన పాదం ఆ వరుసను చెదరగొడుతుంది.

5. సూచనలు:
అన్ని గ్రంథాలకూ ఒకే కొలత ఉంటేనే మూల్యాంకనంలో సమానత్వం ఉంటుందన్న వాదం సమంజసమే. అయితే ఫాంటును బట్టి మారే కొలత ఆ సమానత్వాన్ని ఇవ్వలేదు. కనుక:
అ) నియమావళి ఫాంటు పేరును, అక్షర పరిమాణాన్ని, పంక్తివిరామాన్ని పాయింట్లలో పేర్కొనాలి. 14 పాయింట్ల అక్షరానికి 22 నుండి 24 పాయింట్లతో ప్రయోగం మొదలుపెట్టవచ్చు.
ఆ) ‘వైశిష్ట్యం’, ‘శాస్త్రీయం’ వంటి పదాలను పై కింది పంక్తుల్లో ఉంచి ముందుగా పరీక్షించాలి.
ఇ) పద్యానికి కుడివైపు అదనపు అంచు తొలగించాలి. సీసపాదాన్ని నాలుగో గణం తరువాతనే విరవాలి.
ఈ) 2009 యూజీసీ నిబంధనల తరువాత సిద్ధాంతగ్రంథాలు ఎలక్ట్రానిక్ ప్రతులుగా కూడా భద్రమవుతున్నాయి. తెరపై చదివే ప్రతికి కుట్టు అంచు అవసరం లేదు. దానికి సమానమైన అంచులను అనుమతించాలి. రెండు ప్రతుల్లోనూ పాఠం వెడల్పు, పుటసంఖ్యలు మాత్రం మారకూడదు. లేకుంటే ఉటంకింపులు తారుమారవుతాయి.

6. ముగింపు:
పాఠపరిష్కరణలో ఒక్క అక్షరం కోసం తాళపత్ర ప్రతులను పోల్చి చూసే పరిశోధకులం మనం. అదే అక్షరపు ఒత్తు మన సొంత గ్రంథంలో తెగిపోతే దానిని డి.టి.పి. లోపమని వదిలేయడం సరికాదు. పుటవిన్యాసాన్ని పరిశోధనాపద్ధతుల పాఠ్యాంశంలో చేర్చి, నియమావళులను తెలుగు లిపి దృష్టితో సవరించుకోవలసిన అవసరం ఉంది.