తెర వెనక ఓల్గా

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం సినిమాకి ఎందరిని ఇచ్చిందో చెప్పుకోవడం మనకు అలవాటు. ఆ జాబితాలో నటీమణులుంటారు. రచయితల దగ్గరికి వచ్చేసరికి మగవాళ్ల పేర్లే వినిపిస్తాయి. మొదటి పేరు తెనాలి చక్రపాణిది. అదే తెనాలికి దగ్గరలోని యడ్లపల్లిలో పుట్టి, 1973 నుంచి 1986 దాకా తెనాలి కళాశాలలో తెలుగు చెప్పిన ఓల్గా పేరు అక్కడ వినిపించదు. 1986 నుంచి 1995 దాకా ఆమె ఉషాకిరణ్ మూవీస్‌లో స్క్రిప్టు విభాగం బాధ్యత చూశారు.

ఓల్గా సాహిత్యం మీద రాసే వ్యాసాల్లో ఈ తొమ్మిదేళ్లు ఒక్క వాక్యంలో ముగిసిపోతాయి, అదేదో బతుకుతెరువు కోసం చేసిన ఉద్యోగమన్నట్టు. 'స్వేచ్ఛ', 'రాజకీయ కథలు', 'నీలిమేఘాలు' సంకలనం వచ్చింది ఆ ఏళ్లలోనే. చక్రపాణి స్క్రీన్‌ప్లే ప్రతిభ అయినప్పుడు ఓల్గా స్క్రీన్‌ప్లే ఉద్యోగం ఎలా అవుతుంది?

స్క్రిప్టు విభాగం పనంటే కథలు వినడం, ప్రశ్నలు వెయ్యడం, పాత్రల్ని సరిదిద్దడం, సన్నివేశాలు తిరగరాయించడం. ఇందులో చాలా భాగానికి సంతకం ఉండదు. ఇంటిపనికీ దీనికీ పోలిక ఉంది. జరిగినంతకాలం కనిపించదు, ఆగితేనే కనిపిస్తుంది. ఇంటిపనికి విలువ కట్టమని అడిగిన స్త్రీవాదం ఈ పనికి ఎందుకు విలువ కట్టలేదు?

ఆమె రచన ఉన్న 'భద్రం కొడుకో' 1991 సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. 'తోడు' 1997లో వచ్చింది. రెండింటికీ దర్శకుడు ఆమె సహచరుడు అక్కినేని కుటుంబరావు. చర్చంతా దర్శకుడి చుట్టూ తిరిగితే రచయిత్రి మరుగున పడటం సహజమే. కానీ ఆ సహజత్వాన్నే కదా మనం ప్రశ్నించాల్సింది.

చక్రపాణి 'మిస్సమ్మ' (1955) పక్కన ఓల్గా 'తోడు' కథని పెట్టి చూడండి. 'మిస్సమ్మ'లో చదువుకున్న అమ్మాయికి ఉద్యోగం కావాలంటే భార్యగా నటించాలి. చివరికి ఆ నటన నిజమైన పెళ్లవుతుంది, సినిమా సుఖాంతమవుతుంది. 'తోడు'లో భర్త పోయిన గీతాదేవి, భార్య పోయిన గంగాధరం స్నేహితులవుతారు. అతను పెళ్లి మాట ఎత్తితే ఆమె ఒప్పుకోదు. తోడు కావాలి, దాని పేరుతో మళ్లీ ఒక మగవాడికి చాకిరీ అక్కర్లేదు. ఒకే ఊరితో సంబంధమున్న ఇద్దరు రచయితల మధ్య స్త్రీ ఎంత దూరం నడిచిందో ఇక్కడ తెలుస్తుంది. ఈ నడక నవలల్లో వెతికిన మనం తెర మీద వెతకలేదు.

టెలివిజన్ వచ్చాక నష్టం ఇంకా పెరిగింది. 'ఋతురాగాలు', 'చక్రవాకం', 'మొగలిరేకులు' సీరియళ్ల దర్శకురాలు మంజులా నాయుడు. వాటిని లక్షల ఇళ్లలో స్త్రీలు చూశారు. సాహిత్య విమర్శ మాత్రం 'సీరియళ్లే కదా' అనుకుని ఊరుకుంది. స్త్రీలు రాసి, స్త్రీలు తీసి, స్త్రీలు చూసినదాన్ని చదవకుండానే కొట్టిపారేసే చూపు ఎవరిది?

ఓల్గా స్క్రిప్టుల్ని సేకరించాలి. కథల్లాగే పాఠ్యాలుగా చదవాలి. ఎక్కడ ఆమె మాట నిలిచింది, ఎక్కడ పరిశ్రమ మాట నెగ్గింది అన్నది అప్పుడే తేలుతుంది. ఆ పని తెనాలి నుంచే మొదలైతే మరీ మంచిది.