ముందు నేల, తర్వాత తూటా

రైఫిల్ పేల్చే ముందు చూడాల్సింది జంతువును కాదు, దాని వెనక ఏముందో. కొండవాలు గాని, మట్టికట్ట గాని ఉంటే బుల్లెట్ అక్కడ ఆగుతుంది. మన దగ్గర అలాంటిది వెతికినా దొరకదు. తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె దాకా, ఇటు బాపట్ల దాటి సూర్యలంక దాకా నేలంతా చదునే. చేను వెనక చేను, ఆ వెనక ఊరు, మధ్యలో కాలవగట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ పోయే మనిషి. థర్టీ ఆట్ సిక్స్ రైఫిల్‌ను పైకెత్తి పేలిస్తే బుల్లెట్ నాలుగు కిలోమీటర్లు దాటి పోతుంది. చాలామంది ఆటవస్తువులా చూసే పాయింట్ టూటూ కూడా కిలోమీటరున్నర వెళ్లగలదు.

అందుకే డెల్టాకు తగిన తుపాకీ పన్నెండు బోరని నేను నమ్ముతాను. పౌను సీసంతో పన్నెండు సమానమైన గుళ్లు పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో దాని గొట్టం అంత. బాతుకు, కొంగకు వాడిన ఆరో నంబరు రవ్వలు రెండువందల యాభై మీటర్లు దాటవు. అదంతా పాతకాలం మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట మానేశాం, మానేయడమే న్యాయం. ఇప్పుడు లైసెన్సు తుపాకీ పంట కాపలాకో, ఇంటి రక్షణకో ఉంటుంది. ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పగించి రావాలి.

ఇదంతా మళ్లీ తలచుకోవడానికి కారణం టెక్సాస్‌లో ఉన్న మా మేనల్లుడు. హ్యూస్టన్‌కు పడమటి వైపు వరి పండే నేలలున్నాయి. అక్కడ అడవి పందులు గుంపులుగా దిగి గట్లు తవ్వేస్తాయి. వాటిని ఏడాది పొడుగునా వేటాడొచ్చు. స్నేహితుడి పొలం కాపలాకని వీడు ఒక రైఫిల్ ప్రత్యేకంగా చేయించుకుంటున్నాడు. "మావయ్యా, సిక్స్ పాయింట్ ఫైవ్ క్రీడ్‌మూర్ తీసుకోనా, త్రీ నాట్ ఎయిట్ తీసుకోనా?" అని అడిగాడు.

సరైన చోటే మొదలెట్టాడు. చేయించుకునే రైఫిల్‌లో తూటా తేలకుండా మిగతావేవీ తేలవు. థర్టీ ఆట్ సిక్స్ తూటా గొట్టం పొడవు 63 మిల్లీమీటర్లు, త్రీ నాట్ ఎయిట్‌ది 51. ఆ తేడాను బట్టే బోల్టు వెనక్కి ఎంత జరగాలో, తుపాకీ ఎంత పొడవుండాలో నిర్ణయమవుతుంది. బ్యారెల్ లోపలి మెలిక కూడా అంతే. క్రీడ్‌మూర్‌లో వాడే సన్నని పొడుగాటి బుల్లెట్ నిలకడగా పోవాలంటే ఎనిమిది అంగుళాలకొక చుట్టు తిరగాలి.

ఒకప్పుడు మన దేశంలో ఈ ఎంపిక వేటగాడి చేతిలోనే ఉండేది కాదు. సైన్యం వాడే త్రీ నాట్ త్రీ జనం దగ్గర ఉండకూడదని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుబట్టింది. ఆ ఖాళీలోకి త్రీ ఫిఫ్టీన్ వచ్చింది. అది ఆస్ట్రియా మన్లికర్ తూటాకు మరో పేరు. స్వాతంత్య్రం వచ్చాక కూడా ఇషాపూర్ ఫ్యాక్టరీ అదే తూటాకు రైఫిళ్లు చేసింది. అంతకన్నా ముందు ఫోర్ ఫిఫ్టీ కాలిబర్‌ను నిషేధిస్తే లండన్ తుపాకీ కంపెనీలు ఫోర్ సెవెంటీ లాంటి కొత్త కొలతలు తయారు చేశాయి. ఏనుగు తుపాకుల చరిత్రలో సగం ఆ నిషేధం పుణ్యమే.

ఆ పరిధిలోనే పులుల వేటగాడు కార్బెట్ కుమావూను కొండల్లో తేలికైన టూ సెవెంటీఫైవ్ రిగ్బీ మోశాడు. మన చిత్తూరు సీమలో చామల లోయ పులి వెంట తిరిగిన కెన్నెత్ ఆండర్సన్‌కు 300 గ్రెయిన్ల బుల్లెట్ విసిరే ఫోర్ నాట్ ఫైవ్ వించెస్టర్ ఇష్టం. ఇద్దరూ గొప్పవాళ్లే, ఇద్దరివీ కొండ నేలలే. పైనుంచి కిందికి గాని, వాలుకు ఎదురుగా గాని కాలిస్తే బుల్లెట్ మట్టిలో దిగుతుంది. వాళ్ల పుస్తకాలు చదివి తూటా ఎంచుకునే డెల్టా మనిషికి ఆ సంగతి తట్టదు.

మావాడికి లెక్క వేసి చూపించాను. నేల మీద కూర్చుంటే తుపాకీ మీటరు ఎత్తులో ఉంటుంది, పంది గుండె అర మీటరు ఎత్తులో. వంద మీటర్ల దూరాన గురి పెడితే, పంది దేహం దాటిన బుల్లెట్ ఇంకో వంద మీటర్లు పోయి దాదాపు నేలకు సమాంతరంగా తగులుతుంది. అక్కడ దిగబడదు. మడిలో నీళ్లుంటే మరీ ప్రమాదం, ఎగిరి మళ్లీ పోతుంది. రాత్రిపూట థర్మల్ స్కోప్‌లో పంది తెల్లగా వెలుగుతుంది గాని, దాని వెనక చీకట్లో ఎవరి ఇల్లుందో ఆ వెలుగు చెప్పదు. అదే నాలుగు మీటర్ల మంచె ఎక్కి, మేత వేసి పందిని నలభై మీటర్లలోకి రప్పిస్తే, బుల్లెట్ దాని వెనక ఆరు మీటర్ల లోపే నేలను తాకుతుంది. ఆ చోట నీళ్లు తీసేసి మట్టి వదులుగా ఉంచితే చాలావరకు దిగబడుతుంది.

దూరం నలభై మీటర్లకు తగ్గిందంటే తూటా గురించి వాదన కూడా అక్కడికి సగం తీరినట్టే. క్రీడ్‌మూర్ గొప్పతనమంతా దూరంలో ఉంది. గాలికి అంతగా పక్కకు పోదు, వేగం నిలుపుకుంటుంది. నలభై మీటర్లలో దానికి అవకాశమే లేదు. పోతుపంది భుజం మీద గట్టి కవచం లాంటి పొర ఉంటుంది. దాన్ని తోసుకుపోయే బరువు త్రీ నాట్ ఎయిట్‌కు ఉంది, ఏ ఊళ్లో అయినా తూటాలు దొరుకుతాయి.

వాడు కొంచెం నిరాశపడ్డాడు. "ఐదువందల గజాల నుంచి కొట్టేవాళ్లున్నారు మావయ్యా," అన్నాడు. ఉంటారురా, నీ పొలం అందుకు పనికిరాదు అన్నాను. చివరికి త్రీ నాట్ ఎయిట్‌కే ఆర్డరిచ్చాడు. బ్యారెల్ 20 అంగుళాలు, బుల్లెట్ 165 గ్రెయిన్లు, విచ్చుకున్నా ముక్కలు కాని రకం. మంచెకు కర్ర సరిపోదట, ఇనుముతో కట్టిస్తున్నాడు.