జ్వరం తగ్గాక మిగిలే మాత్రలు

డుంబ్రిగుడ వైపు ఊళ్లలో ఆశా కార్యకర్తలకు మలేరియా గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా సంతలో మేక కార్జం కొంటాను. ముక్కలు కొట్టించకుండా నిండుగా ఇమ్మంటాను. పళ్లెంలో బోర్లించి, రక్తనాళాలు లోపలికి దిగేచోట వాళ్లచేత వేలు పెట్టిస్తాను. మెత్తగా, వదులుగా తగిలేది పేగుల నుంచి వచ్చే పెద్ద సిర. పక్కన సన్నగా, గట్టిగా ఉండేది ధమని. ఆకుపచ్చ మరక అంటినది పైత్యరసం గొట్టం.

మనిషి కాలేయానికీ రక్తం సిర, ధమని అనే ఈ రెండు దారుల్లోనే వస్తుంది. నిమిషానికి సుమారు లీటరున్నర, అంటే గుండె పంపేదాంట్లో నాలుగో వంతు. అందులో ముప్పాతిక భాగం సిరదే. తిన్న తిండి, మింగిన మాత్ర, తాగిన సారా పేగుల నుంచి ముందు ఇక్కడికే చేరతాయి. ఆ రక్తంలో ప్రాణవాయువు తక్కువ, ఆ లోటు ధమని తీరుస్తుంది. లోపల రెండూ కలిసి, సన్నటి సందుల్లో కణాలను ఒరుసుకుంటూ నెమ్మదిగా సాగుతాయి.

మలేరియా క్రిమి దిగేది ఆ సందుల్లోనే. దోమ కుట్టిన కాసేపటికే రక్తంతోపాటు వచ్చి కాలేయ కణాల్లో దూరుతుంది. రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో ఈ క్రిమిని చూసింది 1897లో. అది ముందు కాలేయంలో పెరుగుతుందని షార్ట్, గార్న్‌హామ్ అనే శాస్త్రవేత్తలు తేల్చేసరికి 1948 వచ్చింది.

వైవాక్స్ రకంలో కొన్ని క్రిములు అక్కడే నిద్రపోతాయి, నెలల తర్వాత లేచి మళ్లీ చలిజ్వరం తెస్తాయి. 3 రోజుల క్లోరోక్విన్ రక్తంలో ఉన్నవాటినే చంపుతుంది. నిద్రపోయేవాటి కోసం 14 రోజుల ప్రైమాక్విన్. చిక్కంతా ఇక్కడే. జ్వరం దిగగానే మనిషి కాఫీ తోటకో పోడుకో వెళ్లిపోతాడు, మాత్రలు చూరులో మిగిలిపోతాయి. “తగ్గిపోయిన జ్వరానికి మందేటి అంటున్నారు సార్, ఏం చెప్పాల?” అని ఆశా అడుగుతుంది. ఆ సిర మీద మళ్లీ వేలు పెట్టమని, మింగిన మాత్ర ఈ దారినే నిద్రపోయే క్రిముల దగ్గరికి చేరుతుందని చెబుతాను. గోడ మీది పోస్టరు ఎన్నాళ్లున్నా ఈ పని చేయలేదు.

గర్భిణులకు, పసిపిల్లలకు, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవారికి ప్రైమాక్విన్ మాత్రలు ఇవ్వకూడదు. మింగాక మూత్రం నల్లబడితే వెంటనే ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డాక్టరు రాసిచ్చిన మిగతా వాళ్లచేత మాత్రం, ఒళ్లు చల్లబడినా సరే, 14 రోజులూ అన్నం తిన్నాక దగ్గరుండి మింగించండి.