విద్యా పునర్వ్యవస్థీకరణ – తెలుగు అధ్యాపకుని పని: కొలమానాలపై విమర్శ

వ్యాససంగ్రహం:
విశ్వవిద్యాలయాల్లో జరుగుతున్న పునర్వ్యవస్థీకరణను సాధారణంగా పాఠ్యప్రణాళికా సంస్కరణగానే చర్చిస్తున్నారు. బోధనను క్రెడిట్లతోనూ, పరిశోధనను స్కోరుతోనూ కొలిచే పద్ధతి తెలుగు అధ్యాపకుల ఉద్యోగాలను, విద్వత్కృషిని ఎలా ప్రభావితం చేస్తున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పునర్వ్యవస్థీకరణ, పనిభారం, క్రెడిట్, ద్వితీయ భాష, పరిశోధన స్కోరు.

1. ఉపోద్ఘాతం:
2020 జూలైలో ఆమోదం పొందిన జాతీయ విద్యావిధానం ఉన్నత విద్యలో భారతీయ భాషలకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. దానికి అనుగుణంగా విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) 2022 డిసెంబరులో డిగ్రీ కోర్సులకు కొత్త క్రెడిట్ల చట్రాన్ని విడుదల చేసింది. విద్యార్థికి విషయాలను ఎంచుకునే వెసులుబాటు, క్రెడిట్లను మరో సంస్థకు బదిలీ చేసుకునే సౌకర్యం ఇందులోని మేలైన అంశాలు. అయితే కళాశాలల్లో అధ్యాపక పదవుల అవసరాన్ని ప్రధానంగా పనిభారం ఆధారంగా లెక్కిస్తారు. కాబట్టి పాఠ్యప్రణాళికలో క్రెడిట్లు తగ్గించడమంటే, ఎవరూ అలా ప్రకటించకపోయినా, ఉద్యోగాలపై నిర్ణయం తీసుకోవడమే.

2. క్రెడిట్ – పనిభారం:
ఈ చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు. మేజర్‌కు 60, మైనర్‌కు 24 కేటాయించగా, భాషలకు చోటున్న సామర్థ్యవర్ధక కోర్సులకు దక్కినవి 8 మాత్రమే. వీటిని ఇంగ్లీషు, ఆధునిక భారతీయ భాష పంచుకోవాలి. సమానంగా పంచితే తెలుగుకు 4 క్రెడిట్లు, అంటే డిగ్రీ మొత్తంలో 60 గంటలు. 2018 నిబంధనల ప్రకారం సహాయాచార్యునికి వారానికి 16 గంటల చొప్పున 30 వారాలకు 480 గంటల ప్రత్యక్ష బోధన ఉండాలి. ఈ లెక్కన ఒక్క అధ్యాపకునికి పని చూపడానికి ఏటా 8 సెక్షన్లు కొత్తగా చేరాలి. తెలుగుకు 12 క్రెడిట్లుంటే 3 సెక్షన్లు సరిపోతాయి. అమలులో అంకెలు ఒక్కోచోట ఒక్కో విధంగా ఉండవచ్చు. లెక్క నడిచే తీరు మాత్రం ఒక్కటే.

తెలుగు మేజర్ లేని కళాశాలల్లో శాఖ ఉనికి ద్వితీయ భాష గంటలపైనే నిలుస్తుంది. ఆ గంటలు తగ్గితే ముందుగా నష్టపోయేది గంటల లెక్కన వేతనం పొందే అతిథి అధ్యాపకులు. 2016 మే నెలలో యు.జి.సి. సహాయాచార్యుని బోధనను 18 గంటలకు పెంచి, అదనంగా 6 గంటల ట్యుటోరియల్ చేర్చినప్పుడు అధ్యాపకులు ఉద్యమించారు. ఆ నిర్ణయం వెనక్కు వెళ్లింది. నిబంధన మారితే వ్యతిరేకత వస్తుంది. క్రెడిట్ తగ్గితే అది సంస్కరణగా చెల్లుబాటవుతుంది. ఫలితం మాత్రం రెండింటిలోనూ పదవుల కుదింపే.

3. బోధ్యాంశంలో మార్పు:
గంటలతో పాటు బోధన స్వభావమూ మారుతున్నది. సామర్థ్యవర్ధక కోర్సు ప్రధానంగా భాషా నైపుణ్యాలను ఉద్దేశించినది. నన్నయ, తిక్కనల పద్యాలను అన్వయించి, ఛందోవ్యాకరణాలతో వివరించే శిక్షణ పొందిన అధ్యాపకుడు ఇక్కడ సంభాషణ, లేఖారచనలు నేర్పే శిక్షకుడవుతాడు. నైపుణ్యాల బోధన తక్కువది కాదు; సాహిత్యానికి బదులుగా దానిని నిలపడమే ఆక్షేపణీయం. ద్వితీయ భాషను మార్కుల సబ్జెక్టుగా మిగిల్చిన బాధ్యతలో తెలుగు శాఖలకూ వాటా ఉంది. మార్కుల కోసం ఇంటర్మీడియట్ నుంచే సంస్కృతం వైపు మొగ్గే ధోరణికి సరైన పాఠ్యాంశాలతో జవాబు చెప్పవలసింది ఆ శాఖలే.

4. పరిశోధన – స్కోరు:
2018 నిబంధనల పట్టికలో భాషా, మానవీయ శాస్త్రాల పరిశోధన వ్యాసానికి 10 పాయింట్లు. ఒక పూర్తి గ్రంథాన్ని అనువదిస్తే 8. జాతీయ స్థాయి ప్రచురణసంస్థ ద్వారా వెలువడిన గ్రంథానికి సంపాదకత్వం వహించినా 8. తాళపత్ర ప్రతులను సేకరించి, పాఠాంతరాలను పోల్చి కావ్యాన్ని పరిష్కరించడం సంవత్సరాల శ్రమ. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారి కృషిపై నిలిచిన విద్య ఇది. అటువంటి పరిష్కరణకు ఒక చిన్న వ్యాసం కన్నా తక్కువ విలువ కట్టే పట్టికను చూసిన యువ పరిశోధకుడు దేనిని ఎంచుకుంటాడో ఊహించడం కష్టం కాదు. ప్రామాణిక పత్రికల కోసం నెలకొల్పిన కేర్ జాబితాను కూడా 2025లో యు.జి.సి. రద్దు చేసి, పత్రికల ఎంపిక బాధ్యతను సంస్థలకు అప్పగించింది. నాణ్యతను నిర్ణయించే భారం తిరిగి ఆయా విషయ నిపుణుల మీదికే వచ్చింది.

5. ముగింపు:
భాషకు గౌరవం ప్రకటించే విధానం, ఆ భాషను బోధించేవారి గంటలను కుదించడం ఒక అంతర్వైరుధ్యం. దీనిని తొలగించాలంటే ప్రతి డిగ్రీ కళాశాలలో పనిభారంతో నిమిత్తం లేకుండా కనీస తెలుగు పదవులు ఉండాలి. భాషా కోర్సులో సాహిత్యపాఠానికి నిర్దిష్టమైన వాటా ఉండాలి. గ్రంథ పరిష్కరణ, అనువాదం, నిఘంటు నిర్మాణం వంటి దీర్ఘకాలిక కృషిని పాయింట్లతో కాక నిపుణుల సమీక్షతో అంచనా వేయాలి. క్రెడిట్ విద్యార్థి చదువును లెక్కించే ప్రమాణం. అధ్యాపకుని అవసరాన్ని నిర్ణయించే అధికారం దానికి ఇవ్వడమే ఈ పునర్వ్యవస్థీకరణలోని మౌలిక లోపం.