ఎగుమతి నిషేధమా, దిగ్బంధమా? 1947–48 హైదరాబాదు జ్ఞాపక రచనలు: ఒక విమర్శ

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
– ఒకే రకమైన చర్యకు వేర్వేరు రచయితలు వేర్వేరు పేర్లు ఎందుకు పెట్టారో గుర్తించగలుగుతారు.
– జ్ఞాపక రచనలను చరిత్రకు ఆధారాలుగా వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను వివరించగలుగుతారు.

1. నేపథ్యం

1947 నవంబరు 29న నిజాం ప్రభుత్వానికీ భారత ప్రభుత్వానికీ మధ్య ఏడాది కాలానికి యథాతథ ఒప్పందం కుదిరింది. రక్షణ, విదేశ వ్యవహారాలు, రాకపోకలు మొదలైన ఉమ్మడి విషయాల్లో పాత ఏర్పాట్లే కొనసాగాలన్నది దాని సారాంశం. ఆ తరవాత కొద్దికాలానికే నిజాం ప్రభుత్వం రెండు ఆర్డినెన్సులు తెచ్చింది. మొదటిది సంస్థానం నుంచి విలువైన లోహాల ఎగుమతిని కట్టడి చేసింది. రెండోది సంస్థానంలో భారత కరెన్సీ చెల్లదని ప్రకటించింది. సంస్థానానికి హాలీ సిక్కా అనే సొంత నాణెం ఉండేది. బయటి రూపాయిని జనం కల్దారు అనేవారు.

వివాదం ముదిరిన కొద్దీ భారత యూనియన్ వైపు నుంచి సంస్థానానికి వచ్చే సరుకులపై కూడా ఆంక్షలు పెరిగాయి. హైదరాబాదుకు సముద్రతీరం లేదు. చుట్టూ యూనియన్ భూభాగమే. సరిహద్దు దగ్గర ఆగిన సరుకుకు నేలమీద మరో దారి లేదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించింది; 17న నిజాం సైన్యం లొంగిపోయింది.

2. మూడు రచనలు

ఈ కాలాన్ని గురించి ముగ్గురు ముఖ్యులు ఇంగ్లీషులో పుస్తకాలు రాశారు. సంస్థానాల శాఖ కార్యదర్శి వి.పి. మీనన్ గ్రంథం 1956లో వచ్చింది. హైదరాబాదులో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా పనిచేసిన కె.ఎం. మున్షీ జ్ఞాపకాలు 1957లో వెలువడ్డాయి. నిజాం ఆఖరి ప్రధానమంత్రి మీర్ లాయక్ అలీ పాకిస్తాన్ చేరుకున్న తరవాత రాసిన పుస్తకం 1962లో వచ్చింది. ముగ్గురూ ప్రత్యక్ష సాక్షులే. అయితే ముగ్గురూ వివాదంలో పక్షం వహించినవారే.

3. పేరులోనే తీర్పు

మీనన్ కథనంలో నిజాం ఆర్డినెన్సులు యథాతథ ఒప్పందానికి విరుద్ధమైన చర్యలు. లాయక్ అలీ కథనంలో యూనియన్ ఆంక్షలు ఆర్థిక దిగ్బంధం. సరుకును సరిహద్దు దగ్గర ఆపిన పని రెండు వైపులా జరిగింది. కానీ ఎదుటివారు ఆపితే అది నేరంగా, తమవారు ఆపితే అది ఆత్మరక్షణగా కనిపించింది. ఈ రచనల్లోని ప్రధాన లోపం ఇదే.

అంతమాత్రాన రెండు వాదాలూ సమానమేనని సరిపెట్టుకోవడం విమర్శ కాదు. ప్రతి ఆంక్షనూ మూడు ప్రశ్నలతో పరీక్షించాలి: ఆపిన సరుకు ఏది? ఆపడానికి కారణం ఏమిటి? దాని భారం ఎవరిమీద పడింది?

ఆయుధాల విషయం తీసుకోండి. సిడ్నీ కాటన్ అనే వైమానికుడు కరాచీ నుంచి విమానాల్లో రహస్యంగా ఆయుధాలు చేరవేశాడు. పల్లెలమీద రజాకార్ల దాడులు సాగుతున్న రోజులవి. అటువంటప్పుడు ఆయుధాలను ఆపడం సమర్థనీయమే. మందుల విషయం వేరు. మందులు లేకపోతే బాధపడేది రజాకారు నాయకుడు కాదు, ఆసుపత్రిలోని రోగి. సాధారణ దిగ్బంధం ఏదీ లేదన్నది యూనియన్ ప్రభుత్వ వాదన. నిత్యావసరాలూ ఆగాయన్నది హైదరాబాదు ఫిర్యాదు; ఈ వివాదం 1948 ఆగస్టులో ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి దాకా వెళ్లింది. మీనన్‌ను చదివేటప్పుడు ఈ తేడాను మనమే గుర్తుంచుకోవాలి. లాయక్ అలీని చదివేటప్పుడు, దిగ్బంధం అన్న ఒక్క మాటలో ఆయుధాలూ మందులూ కలిసిపోకుండా చూసుకోవాలి.

4. ఎల్లంతకుంట నుంచి చూస్తే

ఈ మూడు పుస్తకాల్లోనూ కథ ఎక్కువగా ఢిల్లీ, హైదరాబాదుల మధ్యే నడుస్తుంది. నాటి కరీంనగర్ జిల్లాలో, నేటి రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉన్న ఎల్లంతకుంట వంటి ఊరిని తీసుకుందాం. తీరం లేని సంస్థానంలో ఉప్పు బయటి నుంచి రావలసిందే. 1948 వేసవిలో ఇక్కడి కూలి మనిషి ఉప్పు ఏ ధరకు కొన్నాడు? సిరిసిల్ల నేతగానికి నూలు, రంగులు సకాలంలో అందాయా? సంతలో కల్దారు రూపాయి తీసుకోవడానికి వ్యాపారి వెనకాడాడా? ఈ ప్రశ్నలకు ఆ పుస్తకాల్లో జవాబు దొరకదు.

జవాబు వేరేచోట వెతకాలి. సరిహద్దు సుంకాన్ని వసూలు చేసిన కరోడ్‌గిరి శాఖ కాగితాలు, తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారం, ఊళ్లోని వృద్ధుల జ్ఞాపకాలు, పాత దుకాణాల ఖాతా పుస్తకాలు అందుకు ఆధారాలు కాగలవు. సరిహద్దు శిబిరాల నుంచి వచ్చిన కాంగ్రెస్ కార్యకర్తలు కరోడ్‌గిరి నాకాలపైనే దాడులు చేశారన్నది గమనార్హం. సామాన్యుడికి ఎగుమతి నియంత్రణ అంటే ఆర్డినెన్సు కాదు, ఆ నాకానే.

5. సారాంశం

మీనన్, మున్షీ, లాయక్ అలీ రచనలు ప్రభుత్వాల ఉద్దేశాలను తెలుసుకోవడానికి విలువైన ఆధారాలు. ఆంక్షల ఫలితాలను తెలుసుకోవడానికి మాత్రం అవి చాలవు. నిర్ణయం తీసుకున్నవారి మాటతో పాటు, దాని భారం మోసినవారి మాట కూడా విన్నప్పుడే చరిత్ర రచన సమగ్రమవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నిజాం ప్రభుత్వం తెచ్చిన రెండు ఆర్డినెన్సులు ఏవి?
2. ఆయుధాలపై ఆంక్షను, మందులపై ఆంక్షను ఒకేగాటన కట్టకూడదు. ఎందుకు?
3. మీ ఊళ్లో 1948 నాటి సంగతులు తెలిసిన పెద్దలను, లేదా వారినుంచి విన్నవారిని కలిసి, నాటి సరుకుల కొరత గురించి ఒక పేజీ రాయండి.